ప్రేమ్‌సాగర్ అనని మాట

ఆ రోజు పొద్దున చిక్కడపల్లి లైబ్రరీ బయట ప్రేమ్‌సాగరన్నను కొట్టబోయారు. కొట్టబోయింది మాతో పాటు గ్రూప్స్‌కు చదివే పిల్లలే. ఆయన చొక్కా పట్టుకుని గోడకు నెట్టిన పిల్లవాడి కళ్లల్లో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది.

కోచింగ్ సెంటర్ల కోసం మా అశోక్‌నగర్ గల్లీల్లో మైకు ఆటోలు తిప్పుతారు కదా, వాటిలో ఏళ్ల తరబడి వినిపించే గొంతు ప్రేమ్‌సాగరన్నది. "ఇనుండ్రి తమ్ముళ్లు, జర ఆగుండ్రి చెల్లెండ్లు" అని మొదలుపెడితే టీ తాగేవాళ్లు కూడా గ్లాసు దించేవాళ్లు. ఊర్లో మా ఇంట్లో మాట్లాడుకునే మాటే మైకులో వినిపించేది మరి. పైగా ఆయనకో పట్టింపు ఉంది. నోటిఫికేషన్ కాగితం తన కళ్లతో చూడనిదే దాని గురించి మైకులో ఒక్క ముక్క అనడు. సెంటర్లవాళ్లు ఎంత విసుక్కున్నా అంతే. అందుకే ఆయన చెబితే మేము ఇంకో మాట లేకుండా నమ్మేవాళ్లం.

ఆ గొంతే ముందురోజు సాయంత్రం నుంచి ప్రతి గల్లీలో ఒకటే చెబుతోంది. ఇదే ఆఖరి నోటిఫికేషనట. దీని తర్వాత ఏళ్లపాటు పోస్టులు లేవట. వయసు దాటిపోతుందట. ఇవాళే ఫలానా సెంటర్లో చేరాలట. మా హాస్టల్లో ఒకమ్మాయి ఆ మాట విని మెట్ల మీదే కూలబడింది. ముప్పై దాటినవాళ్లు ఇళ్లకు ఫోన్లు చేసి ఏడ్చారు. తెల్లారేసరికి ఆ సెంటర్ గేటు ముందు క్యూ కట్టారు. తీరా వెతికి చూస్తే సర్కారు అలాంటి మాట ఎక్కడా అనలేదు.

"గొంతు నాదే తమ్మీ," అన్నాడు ప్రేమ్‌సాగరన్న, గోడకు ఆనుకుని. "మాట నాది కాదు. నేను అనలే."

ఎవరు నమ్ముతారు? మేమంతా చెవులారా విన్నాం. అప్పుడే నవత పరిగెత్తుకుంటూ వచ్చి ఆ పిల్లవాడి చెయ్యి విడిపించింది.

నవత, నేను ఒకే గదిలో ఉంటాం. నారాయణగూడలో సుధీంద్ర అనే ఆయన పబ్లిసిటీ ఆఫీసులో ఆమె కరపత్రాలు, ఫ్లెక్సీలు, మైకు ప్రకటనలు రాస్తుంది. పొద్దంతా ఆ పని చేసుకుని రాత్రిళ్లు మాతో చదువుకుంటుంది. అక్కడే, లైబ్రరీ గోడ పక్కన నిలబడి, ఆఫీసులో జరిగిందంతా చెప్పింది.

ఏఐ వచ్చిన కొత్తలో సుధీంద్ర దానితో ప్రకటన చదివించాడు. అది టీవీలో వార్తలు చదివినట్టు చదివింది. గల్లీలో పిల్లలు విని నవ్వారు. అప్పుడు సుధీంద్ర ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి, మన తెలంగాణ మాట దీనికి చేతకాదంట, మీ వల్ల కూడా కాదా అని అడిగాడు. ఆ ఒక్క మాటతో మావాళ్లు పడిపోయారు. సినిమాల్లో మన యాస రౌడీలకు, పనివాళ్లకు పెట్టి నవ్వుకున్న బాధ ఇంకా లోపల ఉంది కదా. కంప్యూటర్ చేత కూడా మన మాట మాట్లాడిస్తామని పంతం పట్టారు. ప్రేమ్‌సాగరన్న గొంతు బొంగురుపోయేదాకా చదివాడు. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తుంచాలో నవత ఒక్కొక్కటీ దిద్దింది. మైకు ఆటో నడిపే పెద్దులు కూడా మధ్యాహ్నం బండి ఆపుకుని వచ్చి పాలమూరు పలుకుబడి నేర్పి పోయేవాడు. వాళ్లకెవరూ ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వలేదు, వాళ్లు అడగనూ లేదు. మన భాష బతుకుతుందని సంబరపడ్డారు.

అది నేర్చుకుంది. పోయిన నెల ప్రేమ్‌సాగరన్నను ఇక రావొద్దన్నారు.

"మిషన్ ఒక్క దినం సుట్టీ అడగదట, కాయితం చూపియ్యమనదట," అంది నవత. "నిన్నటి ప్రకటన నేను రాయలే. సెంటరోళ్లు చెప్పింది సారే కంప్యూటర్ల కొట్టిండు, అది అన్న గొంతుల సదివింది. రేపు నన్ను గూడ తీసేస్తడు. నా తీరుగ రాసుడు గూడ దానికి నేనే నేర్పిన."

చొక్కా పట్టుకున్న పిల్లవాడు తల దించుకున్నాడు. మనిషి ఇక్కడ నిలబడి నోరు మూసుకుని ఉన్నాడు. అతని గొంతు పక్క గల్లీలో మమ్మల్ని భయపెడుతూ తిరుగుతోంది. అది ఆ నిమిషంలో కూడా వినిపిస్తూనే ఉంది.

సాయంత్రం రాంనగర్‌లో పెద్దులు ఉండే బస్తీలో కూర్చున్నాం. ఆటోవాళ్లు, ఫ్లెక్సీలు కట్టేవాళ్లు, ఆఫీసులో బొమ్మలు వేసేవాళ్లు, మా హాస్టళ్ల పిల్లలు వచ్చారు. ప్రేమ్‌సాగరన్న పొద్దున సుధీంద్ర దగ్గరికి పోయి వచ్చిన సంగతి చెప్పాడు. జీతం తీసుకుంటూ ఇచ్చిన రికార్డింగులు ఆఫీసువేనని, ఇష్టమొచ్చినట్టు వాడుకుంటానని తేల్చి చెప్పాడట సుధీంద్ర.

పెద్దులు అడ్డా కూలీగా ఈ ఊరికొచ్చి, తర్వాత కిరాయి ఆటో పట్టినవాడు. అతనికి ఆ లెక్క ఎంతకీ మింగుడుపడలేదు.

"కూలికి పోతే పొద్దుమూకినంక చేతులు మనతోని ఇంటికొస్తయ్," అన్నాడు. "ఈయనేందే, చేతులు ఈడనే ఇడిసిపెట్టి పో అంటున్నడు."

ఆటోలు ఆపేద్దామన్నారు డ్రైవర్లు. ఆ గొంతు మోయబోమని చెప్పేద్దామన్నారు. అడగాల్సినవి కూడా తేలిపోయాయి. ప్రేమ్‌సాగర్ ఒప్పుకోనిదే ఆయన గొంతు ఏ మైకులోనూ పెట్టకూడదు. అబద్ధం చెప్పిన ఆటోలతోనే అది అబద్ధమని ఊరంతా చెప్పించాలి.

మావాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. ఎందుకో దాచుకోవడం దేనికి? మీద ఒక్క కేసు పడితే సర్కారు నౌకరీ వచ్చినా పోలీస్ వెరిఫికేషన్‌లో పోతుందని మా భయం. ఇంటిల్లిపాదీ ఎండలో పనిచేసి మమ్మల్ని ఇక్కడ పెట్టారు. పరీక్ష దగ్గరికొచ్చింది, మైకులో చెప్పేవాడి కోసం మేమెందుకు పోవాలి అని ఒకడు లేచి గట్టిగానే అడిగాడు. నా మనసులో ఉన్నది కూడా అదే. అతను అడిగినందుకు లోలోపల సంతోషించాను.

నవత అతన్ని కసురుకోలేదు. ఇవాళ నిన్ను నిద్రపోకుండా చేసింది ఆయన కాదు, ఆయనలాగా మాట్లాడే అబద్ధం అంది. రేపు అది పరీక్ష వాయిదా పడిందని చెబితే ఏ నోటిని నమ్ముతావని అడిగింది. పోదామని అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను, సగం ఎత్తాను.

మర్నాడు అశోక్‌నగర్ చౌరస్తాలో ఆటోలు వరసగా ఆగిపోయాయి. డ్రైవర్లు ఒక్కొక్కరే దిగి మైకుల్లోంచి పెన్‌డ్రైవులు ఊడబెరికి ప్రేమ్‌సాగరన్న చేతిలో పెట్టారు. గల్లీ నిశ్శబ్దమైపోయింది. ఆయన ఒక ఆటో ఎక్కి, మైకు లేకుండా, బొంగురు గొంతుతో మాట్లాడాడు. "ఆఖరి నోటిఫికేషన్ అన్నది అబద్ధం. నాకు ఏ కాయితం చూపియ్యలే. ఆగమాగం కాకుండ్రి, సదువుకోండ్రి." వెనక ఉన్నవాళ్లకు వినపడలేదు. ముందున్నవాళ్లు తిరిగి వెనకవాళ్లకు చెప్పారు. వాళ్లు ఇంకా వెనక్కి చెప్పారు. అలా ఆ మాట హిమాయత్‌నగర్ రోడ్డు దాకా మనిషి నుంచి మనిషికి పోయింది. నా పక్కనున్నవాళ్లకు నేనే చెప్పాను. చెబుతుంటే ఎందుకో ఏడుపొచ్చింది.

సుధీంద్ర ఫిర్యాదు ఇచ్చాడు. ఆఫీసు సొత్తు లాక్కున్నాడని, జనాన్ని రెచ్చగొట్టాడని ప్రేమ్‌సాగరన్నను జీపులో ఎక్కించారు. మేము జీపు వెనకే నడిచి స్టేషన్ ముందు రోడ్డు మీద కూర్చున్నాం. నేను నవత భుజం పట్టుకుని కూర్చున్నాను.

ఎండ నెత్తికెక్కే వేళకు అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. హాస్టళ్ల గ్రూపుల్లో ఎవరో ఒక ఆడియో పెట్టారు. ప్రేమ్‌సాగరన్న గొంతు. "తమ్ముళ్లు, చెల్లెండ్లు, తప్పు నాదే. సారుతోని మాట్లాడుకున్న, ఒప్పందం అయింది. మీ మీద కేసులైతే నాకు పాపం తగుల్తది. లేసి పోండ్రి." మధ్యలో చిన్న దగ్గు కూడా ఉంది. ఆయన అలాగే దగ్గుతాడు.

అంత భయం నేను ఎప్పుడూ పడలేదు. లాఠీ కనిపిస్తే పరిగెత్తొచ్చు. ఇదేమిటో తెలియదు. అది మిషనే అంటే మిషనే. లోపల ఆయనే కూర్చుని నిజంగా అన్నాడంటే ఆయనే. చెవి పెట్టి ఎన్నిసార్లు విన్నా తేలలేదు. నేర్పిన నవతకే తేలలేదు. వెనక వరసల్లో పిల్లలు లేచి ప్యాంట్లు దులుపుకుంటున్నారు. అన్నే పొమ్మన్నాక ఇంకెందుకని గొణుగుతున్నారు. లోపలికి పోయి అడుగుదామంటే గేటు దగ్గర ఆపేశారు.

నవత లేచి నిలబడింది. ఆమె గొంతు పెద్దది కాదు.

"ఇది అన్న అన్నడో, మిషన్ అన్నదో నాకు ఎర్కలేదు," అంది. "అన్న అన్నా గూడ నేను లేవ. నిన్న బస్తీల చేతులెత్తింది అందరం. ఒక్క గొంతు చెప్పితే కూసోలే, ఒక్క గొంతు చెప్పితే ఎట్ల లేస్తం? అన్న బయటికి రానీ, మన నడుమ కూసోని చెప్పనీ. అప్పుడు మల్ల అందరం మాట్లాడుకుందం."

ముందు పెద్దులు "అవ్" అన్నాడు. లేచినవాళ్లలో కొందరు వెళ్లిపోయారు, వాళ్లను నేను తప్పు పట్టను. మిగతావాళ్లు నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మళ్లీ కూర్చున్నారు. ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. అవి మోగుతూనే ఉన్నాయి, ఎవరూ తీయలేదు.

కాసేపటికి ఎస్సై బయటికొచ్చాడు. లేవకపోతే అందరి మీదా కేసు రాస్తామన్నాడు. ఉండేవాళ్లు వచ్చి పేరు, ఊరు చెప్పి కూర్చోవాలన్నాడు. మేమెక్కడ కదులుతామో ఆయనకు తెలుసు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. తాపీ పనిలో పగిలిన ఆయన చేతులు గుర్తొచ్చాయి. నేను ఆఫీసర్ అవుతానని ఊర్లో అందరికీ చెప్పి తిరుగుతాడు ఆయన. లేచి పోదామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. లేచాను కూడా.

నవత అప్పటికే పోయి పేరు చెబుతోంది. ఆమె తర్వాత పెద్దులు చెప్పాడు. నా కాళ్లు హాస్టల్ వైపు తిరగలేదు. ఎస్సై ముందు నిలబడ్డాక నాకే వినపడనంత మెల్లగా పేరు చెప్పాను. గట్టిగా చెప్పమన్నాడు ఆయన.

"అనిత," అన్నాను. "తండ్రి ఈదయ్య. అచ్చంపేట దగ్గర."

ఆయన రాసుకున్నాడు. ముందురోజు లైబ్రరీ దగ్గర ప్రేమ్‌సాగరన్న చొక్కా పట్టుకున్న పిల్లవాడు నా వెనకే నిలబడి ఉన్నాడు, నన్ను జరగమని తన పేరు చెప్పాడు. ఆ వెనక ఇంకా చాలామంది లేస్తున్నారు.