వెనక ఉండిపోయాడు

చుట్టూ కొండలు, అడుగున మా ఊరు. బయటికి దారి ఒక్కటే, అదీ ఒక్క బండి పట్టేంత. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. కింది గేటు నాది. పై గేటువాడు దిగే బళ్లలో ఆఖరిదానికి ఎర్రజెండా ఇస్తాడు. అది నా చేతికొచ్చాక, పైకి ఫోన్ చేసి ఎన్ని బళ్లు వదిలాడో కనుక్కుని, అప్పుడే ఎక్కే బళ్లని పంపాలి. పన్నెండేళ్ల నుంచీ ఇదే పని. నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఆ మధ్యాహ్నం మంచు కమ్మేసింది. నాలుగడుగుల అవతల మనిషి కనపడడం లేదు. ఎక్కడానికి నిలబడ్డ పాల లారీవాడు గంట నుంచీ హారన్ కొట్టి నా బుర్ర తినేస్తున్నాడు. ఇంతలో మా మరిది జీపు దిగింది. జెండా నా చేతిలో పెట్టాడు.

"మీ అన్నయ్యేడీ?" అన్నాను. మా ఆయన రోడ్డు మరమ్మతుల ట్రాక్టరు నడుపుతాడు.

"వెనక ఉండిపోయాడు వదినా," అని టీ కొట్టు వైపు పోయాడు.

మంచు చూసి పైనే ఆగిపోయాడు కాబోలు అనుకున్నాను. జెండా తెచ్చింది పరాయివాడా ఏంటి, ఇంటి మనిషి. ఇంక ఫోనెందుకు? గేటెత్తి, "పో నాయనా పో, నీ గోల వదిలింది," అని లారీని పంపేశాను.

అది మలుపు తిరిగిందో లేదో, పై గేటువాడే ఫోన్ చేశాడు. "ఏడూ దిగాయా అక్కా? మెల్లగా వస్తాడని మీ ఆయన్ని ఆఖర్న పంపాను. జెండా ఆయనకే ఇచ్చాను."

దిగినవి ఆరే. ఓరి దేవుడా! అరుచుకుంటూ రోడ్డెక్కి పరిగెత్తాను. లారీవాడికి వినపడితేగా! నా కేకలకి మరిదీ వెంట పరిగెత్తాడు. మూడో మలుపు దగ్గర పెద్ద చప్పుడైంది.

లారీ అడ్డం తిరిగి ఉంది. ట్రాక్టరు లోయలో పడింది. మా ఆయన రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు, మోచేతులు చెక్కుకుపోయి. దూకి బతికాడు. వాటేసుకుని భోరుమన్నాను.

ఆయన నన్ను పక్కకి నెట్టి తమ్ముడి మీద చెయ్యెత్తాడు. "వెనక నేనున్నానని చెప్పలేదురా వెధవా?"

"చెప్పానన్నా!"

"చెప్పాడు," అన్నాను. "నాకే ఇంకోలా అర్థమైంది. ఫోన్ చెయ్యకుండా గేటెత్తేశాను."

ఆయన చెయ్యి దించేశాడు. నా వైపు తిరిగాడు.

"ట్రాక్టరు మీద గాలికి ఎగిరిపోతుందని జెండా వాడికిచ్చాను. నువ్వెలాగూ ఫోన్ చేస్తావు కదా అనుకున్నాను," అన్నాడు. "గేటు దగ్గర ఉన్నది నువ్వు కదా అని, ఆ మంచులో భయం లేకుండా నడిరోడ్డు మీద వచ్చానే."