కన్యారాశి ముఖం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నమ్మేవాళ్లంటే చిరాకు కూడా. అందుకే పొద్దున్నే గ్యాలరీ తలుపు తీసేసరికి కన్యారాశి బొమ్మ మీద కప్పిన ప్లాస్టిక్ షీటు సగానికి మడిచి కనిపిస్తే, ముందు వాచ్‌మన్ మీద ఎగిరాను. లోపలికి ఎవరూ రాలేదని అతను ఒట్టేశాడు. ఏసీ గాలికి అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను. కానీ నిద్రపోతున్న పిల్ల ముఖం మీంచి దుప్పటి తీసినట్టు అంత పొందికగా ఏ గాలీ మడవదు. ఆ సంగతి నాకూ తెలుసు.

నా పేరు ధాత్రి. మాది కాకినాడ. పురావస్తుశాస్త్రం చదివి, తవ్వకాల్లో ఉండాల్సినదాన్ని, ఖతర్‌కు వచ్చి అల్ మన్సూరాలో ఒక ఫ్లాట్‌లో ఉంటూ, చిన్న చిన్న రంగురాళ్లు పేర్చి బొమ్మల మొజాయిక్ నేలలు వేసే కంపెనీకి డ్రాయింగులు గీస్తున్నాను. అల్ ఘర్రాఫాలోని ఈ గ్యాలరీలో బైజాంటిన్ కాలపు నేలల మీద ప్రదర్శన పెడుతున్నారు. దాని కోసం పదిహేను వందల ఏళ్ల కిందటి యూదుల ప్రార్థనాలయం నేల ఒకటి, ఉన్నది ఉన్నట్టు, మేం మళ్లీ వేశాం. మధ్యలో పెద్ద రాశిచక్రం. మన పంచాంగంలో ఉన్న రాశులే. ఒక్కో బొమ్మ పక్కన హీబ్రూలో దాని పేరు.

అసలు నేల ఫొటోలో మాత్రం ఒక్క బొమ్మకూ ముఖం లేదు. ఎవరో ఉలితో తీసేశారు. జుట్టు, బట్టలు, అక్షరాలు చెక్కుచెదరలేదు. ముఖం ఉండాల్సినచోట బూడిదరంగు గుంట. బొమ్మలు కూడదనుకున్న రోజుల్లో ఆ ఊరి యూదులే ఆ పని చేశారని మేం చదువుకున్నాం. చేసినవాడి మనసులో ఏముందో ఎక్కడా రాసి లేదు. ఆ ఫొటోను గోడకు అంటించుకుని నెలల తరబడి పని చేసేసరికి, ముఖం లేని మనుషులు మన వైపే తిరిగి ఉన్నట్టు అనిపిస్తుంది.

గ్యాలరీ పెద్ద మజీదా అమ్మాన్ నుంచి వచ్చినావిడ. పట్టుదల మనిషి. జనం చెప్పులు విప్పి ఈ నేల మీద నడవాలి, అప్పుడే అది నేల అంటుంది. ఒక్క కన్యకైనా ముఖం పెడితే మొదట్లో ఎలా ఉండేదో తెలుస్తుందనీ అంది. నమూనా లేదు కదా అంటే, ఏదో ఒక ఆడపిల్ల ముఖం చాలంది. ఆ మాటే నేను లింబాద్రికి చెప్పాను.

లింబాద్రిది జగిత్యాల వైపు. రాళ్ల పనిలో అతని చేతికి తిరుగులేదు. అతని కూతురు చరిత రెండో తరగతి చదువుతూ నిరుడు జ్వరంతో పోయింది. కంపెనీ నుంచి సెలవు కాగితాలు వచ్చేలోపే అంతా అయిపోయింది. దుబాయ్‌లో ఉన్న కొడుక్కని లింబాద్రి తల్లి ముత్తవ్వ ఫోన్‌లో పిల్ల ముఖం చూపించి, తర్వాత మట్టి చేశారట. ఊళ్లోవాళ్లకు ఖతర్ అయినా దుబాయే. కన్నబిడ్డ మీద పిడికెడు మన్ను వేసే రాత కూడా లేకపోయింది అతనికి. ఆ రోజు కూడా డ్యూటీకి వచ్చాడనీ, ఇంతవరకూ కంట నీరు పెట్టలేదనీ అతనితో పనిచేసే తిరుమల్ చెప్పాడు.

కన్య ముఖం పూర్తయ్యాక చూసి మండిపడబోయాను. అది బైజాంటిన్ కన్య కాదు. బుగ్గలు పొంగిన మన తెలుగు పిల్ల. ఎడమ కనుబొమ్మలో తెల్లరాయితో సన్నని గాటు. లింబాద్రి ఫోన్‌లో చరిత ఫొటో మీద నేను చూసిన గాటే అది.

"ఎవల మొకమన్న పెట్టుమంటిరి మేడం," అన్నాడు లింబాద్రి. "కండ్లు మూస్తే నాకు గిదొక్కటే కనవడుతది."

మర్నాడు మజీదా తన సిబ్బందిని పిలిచి నేల మీద నడిపించింది. ఒకాయన కన్య దగ్గర నిలబడి ఫొటో దిగాడు. అతని మడమ సరిగ్గా పిల్ల నోటి మీద ఉంది. లింబాద్రి గొంతులోంచి ఊపిరి అందనివాడి చప్పుడు ఒకటి వచ్చింది. చుట్టూ తాడు కడదామా అని అతను అడిగితే నేను వెళ్లి మజీదాను బతిమాలాను. నడవడానికే ఈ నేల, శనివారం సాయంత్రం ప్రారంభం, తాడూ గీడూ వద్దంది. తిరిగి వచ్చేసరికి నా ముఖం చూసి అతనే తెలుసుకున్నాడు.

షీటు మడిచి ఉండటం ఆ మర్నాటి నుంచే మొదలైంది. నేను కప్పి వెళ్లడం, పొద్దున వచ్చేసరికి కళ్లు బయటపెట్టి పిల్ల చూస్తూండటం. తిరుమల్ హాల్లోకి ముందు అడుగు పెట్టడం మానేశాడు. నేను నవ్వబోయాను గానీ, ఫ్లాట్‌కి వెళ్లాక వంటింటి గచ్చు మీద పాదం మోపాలంటే నాకూ జంకు పుట్టింది. నా మీద నాకే ఒళ్లు మండింది.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ నమాజుకు వెళ్లారు. ఖాళీ హాల్లో టకటకమని ఉలి చప్పుడు. లింబాద్రి మోకాళ్ల మీద ఉన్నాడు. ఒక్కో రాయీ ఊడదీసి తన టిఫిన్ డబ్బాలో వేస్తున్నాడు.

"లింబాద్రి గారూ, ఏం చేస్తున్నారు?" అన్నాను.

"రేపు అందరు తొక్కుతరు మేడం. నేనే పెట్టిన. నేనే తీస్తున్న."

ఆపమనాలి. ఉద్యోగం పోతుందని బెదిరించాలి. నేను మాత్రం అతని ఎడమచేతిని చూస్తూ ఉండిపోయాను. ఉలి జారి జుట్టుకు తగలకుండా అరచేయి అడ్డం పెట్టాడు. అక్షరాలకు దెబ్బ తగలలేదు. గోడ మీది ఫొటో తెచ్చి పక్కన పెట్టాను. అదే అంచు, అదే గుంట. ఆనాడు ఆ పని చేసినవాడి చేతిలో ఆజ్ఞ ఒక్కటే ఉందని ఇన్నాళ్లూ అనుకున్నాను. వాడూ ఇలాగే అరచేయి అడ్డం పెట్టి ఉంటాడని అప్పుడు అనిపించి, నాకు దుఃఖం వచ్చింది.

నమాజు నుంచి మజీదా వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అసలు నేలకు ముఖం లేదు, మనదానికీ వద్దు అన్నాను. ఆవిడ వంగి గుంట అంచును వేలితో తడిమింది. అసలుదాన్ని తను కళ్లారా చూసిందట, అక్కడా ఇలాగే ఉందట. ఆ ముఖం ఎవరిదని అడిగింది. చెప్పాను. విని, అక్కడి లాగే గుంటను సున్నం, ఇసుకతో పూడ్చమంది.

మాలు కలిపాను. లింబాద్రి తాపీ పక్కన పెట్టేశాడు. ఉత్త చేత్తో పిడికెడు తీసుకుని గుంటలో వేశాడు. అరచేత్తో మెల్లగా అదిమాడు. షీటు తనే కప్పాడు.

శనివారం పొద్దున తలుపు తీశాను. షీటు కప్పింది కప్పినట్టే ఉంది. లింబాద్రి దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గోడకు చేరగిలబడి ఏడ్చాడు.