యాకయ్య పేరు చెప్పు

రాజమల్లు హవల్దారుగా సైన్యం నుంచి రిటైరై ఆరేళ్లయింది. తుపాకీ వదిలినా రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ఒకనాడు ఏ కారణమూ లేకుండా అన్నం పళ్లెం తీసి గోడకేసి కొట్టాడు. భార్య శారద మెతుకులన్నీ ఊడ్చి ఎత్తింది. మర్నాడే అతణ్ణి హన్మకొండలో మాజీ సైనికులకు యోగా నేర్పే శోభారాణి దగ్గరికి తీసుకుపోయింది. మూడు నెలల్లో కాస్త నిద్ర పట్టసాగింది.

నాలుగో నెలలో, ఒక ఆదివారం పొద్దున, చాప చంకన పెట్టుకుని వెంకట్రాజం ఆ హాల్లోకి వచ్చాడు.

పదకొండేళ్ల కిందట మంచుకొండల పోస్టులో రాజమల్లుకు ఆయన సుబేదారు. వర్ధన్నపేట యాకయ్య అనే జవాను జ్వరంతో కాలిపోతుంటే "నాటకాలు" అని గస్తీకి తోలాడు. యాకయ్య లోయలో పడి చనిపోయాడు. పోస్టు వదిలి పారిపోతూ జారిపడ్డాడని వెంకట్రాజం రిపోర్టు రాశాడు. కింద సాక్షి సంతకం రాజమల్లుది. పెట్టకపోతే నిన్నూ ఇరికిస్తానంటే భయపడి పెట్టాడు. ఆనాటి నుంచి యాకయ్య తల్లి సమ్మమ్మను ఊళ్లో "పారిపోయినోని తల్లి" అంటున్నారు.

"రాజమల్లూ! మంచిగున్నవా?" అంటూ వెంకట్రాజం ఏమీ జరగనట్టే భుజం తట్టి, పక్కనే చాప పరుచుకున్నాడు.

"కండ్లు మూసుకోండి అన్నా," అంది శోభారాణి.

రాజమల్లు మూసుకోలేదు. వెల్లకిలా పడుకున్న వెంకట్రాజం గొంతునే చూస్తూ ఉన్నాడు. మోకాలు మోపితే చాలు. అయితే ఊపిరి నిదానించిన కొద్దీ పగ చల్లారలేదు సరికదా, పదునెక్కింది. చంపితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. వీడు బతకాలి. బతికి, తన నోటితో తాను చెప్పాలి.

ఆ వారమే జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టి, తన సంతకం కూడా అబద్ధమేనని రాసి, పై అధికారులకు పంపాడు. నకలు జేబులో పెట్టుకుని మళ్లీ ఆదివారం కోసం ఎదురుచూశాడు.

ఆ రోజు ధ్యానం అయ్యాక మనసులో మాట చెప్పుకొమ్మంది శోభారాణి. వెంకట్రాజం తలవంచుకున్నాడు.

"కండ్లు మూస్తే ఒక పిలగాని దగ్గు ఇనబడ్తాంది మేడం."

"అది మీ తప్పు గాదు సార్..." అని ఆమె ఓదార్చబోయింది.

"ఆగు మేడం," రాజమల్లు లేచి నిలబడ్డాడు. "ఆ పిలగాని పేరు చెప్పు వెంకట్రాజం."

ఏనాడూ సాబ్ అనకుండా పిలవని నోరు అది. వెంకట్రాజం మొహం పాలిపోయింది. రాజమల్లు నకలు తీసి ఆయన ఒళ్లో పడేశాడు.

"ఇది పైకి పోయింది. నీ ఇజ్జత్ పోతది, నాది గూడ పోతది. కని ముందుగాల ఆ తల్లి ఇనాలె. లెవ్వు, పోదాం."

వర్ధన్నపేటలో సమ్మమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. వెంకట్రాజం గొణిగినట్టు చెప్పాడు.

"గట్టిగ చెప్పు," అంది ఆమె. "వాడకట్టంత ఇనాలె."

ఆయన గొంతు పెంచి చెప్పాడు. ఇరుగుపొరుగు వచ్చి చుట్టూ నిలబడ్డారు. కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఆమె మళ్లీ చెప్పించింది. మూడోసారికి ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. రాజమల్లుకు కడుపు నిండినట్టయింది.

అప్పుడు సమ్మమ్మ అతనివైపు తిరిగింది. "నువ్వేం జేసినవ్ బిడ్డా?"

"సంతకం పెట్టిన అత్తమ్మా."

"నీ పక్కపొంటి పండుతనని నా కొడుకు ఉత్తరంల రాసేటోడు గదా?"

ఆమె మిరపకాయలు చేటలోకి ఎత్తుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. ఇద్దరికీ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

రెండు నెలలకు విచారణకు రమ్మని ఉత్తరం వచ్చింది. శారద చదివి భయపడింది.

"నిన్ను గూడ శిక్షిస్తరేమో. ఫికర్ లేదా నీకు?"

"ఉన్నది," అన్నాడు రాజమల్లు, బూట్లకు పాలిష్ పెడుతూ. "కని ఆడ వెంకట్రాజం నా ఎదురుంగనే కూసుంటడు గదా. వాని మొకం చూడాలె."