పచ్చ నూనె మార్చిన రెండు ఆదివారాలు

వాచీలు బాగుచేసే ఆయన రెండేళ్లుగా బావమరిదితో మాట్లాడటం లేదు. చెప్పాల్సిందేమైనా ఉంటే భార్యతో చెప్పేవాడు, ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా సరే. "మీ తమ్ముణ్ణి వెళ్లేటప్పుడు గేటు వేసి వెళ్లమను" అనేవాడు. ఆవిడ తమ్ముడి వైపు తిరిగి, "విన్నావుగా" అనేది.

కారణం లేకపోలేదు. తమ్ముడు బేకరీలో రాత్రిళ్లు రొట్టెలు కాల్చే పనివాడు. రెండేళ్ల కిందట ఒక ఉదయం అక్కను తన కారులో ఎక్కించుకుని వెళ్తూ వంతెన గోడకు గుద్దేశాడు. అతనికి మోచేయి గీసుకుపోయింది, అంతే. అక్కకు నడుము దగ్గర రెండు వెన్నుపూసలు విరిగాయి. ఆపరేషన్ చేసి కడ్డీలు బిగించారు. నడవగలదు, కుట్టుమిషను ముందు అరగంట కూర్చోగలదు. కానీ బండిలో వెళ్తుంటే చక్రం చిన్న గుంటలో పడినా ప్రాణం పోయినంత పనయ్యేది.

"బ్రేకులు పడలేదు బావా" అని తమ్ముడు ఆ రోజు ఆసుపత్రి వరండాలో చెప్పాడు.

"బ్రేకులు చూసుకోనివాడివి మనిషినెలా ఎక్కించుకున్నావు?" అన్నాడాయన. నేరుగా అన్న ఆఖరి మాట అదే.

తరువాత తమ్ముడు ఎక్కడెక్కడో వాకబు చేసి ఒక పాత కారు కొన్నాడు. దానికి మామూలు స్ప్రింగులుండవు. పంపు తోసే పచ్చ నూనె, బోలు ఇనప గుండ్లలో నింపిన గ్యాసు, ఈ రెండూ కలిసి బండిని మోస్తాయి. ఇంజను వేస్తే, పడుకున్న ఆవు లేచినట్టు వెనక భాగం ముందు లేచేది, తరువాత ముందు భాగం. మొదటిసారి కూర్చున్నప్పుడు అక్క, "పడవలో ఉన్నట్టుందిరా" అంది. అప్పటినుంచి ఆసుపత్రికి ఆవిడ తమ్ముడి కారులో వెళ్లేది. వాచీల ఆయన ఆ వెనకే బస్సులో వెళ్లేవాడు.

ఈ ఏడు ఆ బండి బిగుసుకుపోయింది. లేవడానికి ఐదు నిమిషాలు పట్టేది, లేచాక గుంటలన్నీ లెక్కపెట్టి మరీ అక్క నడుముకు అప్పజెప్పేది. నాలుగు గ్యారేజీల్లో అడిగితే నలుగురూ తల అడ్డంగా ఊపారు. పెద్ద డాక్టరు చూస్తానన్న సోమవారం ఇంకా పది రోజులుంది. తమ్ముడు ఆ బండికి సంబంధించిన పాత పుస్తకం ఒకటి సంపాదించి, అక్కావాళ్ల వాకిట్లోనే పని మొదలుపెట్టాడు.

మొదటి ఆదివారం బండిని పూర్తిగా కిందికి దించి, పంపు పక్కనున్న స్క్రూ వదులు చేసి, లోపలి ఒత్తిడి పోగొట్టాడు. తొట్టిలోని నూనెను గొట్టంతో తోడాడు. పచ్చగా ఉండాల్సింది నల్లగా, అడుగున బురదతో వచ్చింది. తొట్టిలో రెండు జల్లెడలున్నాయి, వేలెడంత పొడుగు, గుడ్డకన్నా సన్నటి అల్లిక. పెట్రోలులో జాడించి పక్కన పెట్టాడు.

అక్క వాటిని చేతిలోకి తీసుకుంది. లోపలికి వెళ్లి భర్త బల్ల మీద పెట్టింది. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని చూశాడు.

"దీన్ని శుభ్రం చేయడమంటారా? సగం కళ్లు మూసుకుపోయే ఉన్నాయి. మీ తమ్ముడితో చెప్పు, గంట ఆగమని."

గంటన్నర పట్టింది. చిన్న కుంచెతో, సూదితో, రబ్బరు బుడ్డి గాలితో ఒక్కొక్క కన్నూ తెరిచాడు. అక్క తెచ్చి ఇచ్చిన జల్లెడలను తమ్ముడు వెలుతురుకి పట్టి చూసి, జాగ్రత్తగా వాటి చోట బిగించాడు.

తొట్టిలో కడుగు నూనె పోసి, బండిని లేపుతూ దించుతూ, స్టీరింగును ఆ చివరికీ ఈ చివరికీ తిప్పుతూ మధ్యాహ్నమంతా గడిపాడు. లోపలి మురికి కరగడానికి వారం రోజులు బండిని ఊరి చుట్టూ తిప్పాడు.

రెండో ఆదివారం ఆ నూనె తీసేసి, జల్లెడలు మళ్లీ కడిగి, కొత్త పచ్చ నూనె పోశాడు. ఇక మిగిలింది బ్రేకులు. ఈ బండిలో బ్రేకులకూ అదే నూనె కనుక, ఆ గొట్టాల్లోని పాత నూనె, గాలి తీసేయాలి. తమ్ముడు బండిని పూర్తిగా పైకి లేపి, స్పానర్ పట్టుకుని కిందికి దూరబోయాడు.

"ఆగు!"

వాచీల ఆయన గుమ్మంలో ఉన్నాడు.

"బండిని మోస్తున్నది ఆ నూనే కదా? అది జారిపోతే బండి ఎక్కడ కూర్చుంటుంది? నీ గుండెల మీద. అప్పుడు మీ అక్కకి నేనేం చెప్పుకోను?"

వారమంతా ఆయనా ఆ పుస్తకం చదివాడని అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. పక్కింటి వెల్డరు దగ్గరికి వెళ్లి నాలుగు ఇనప స్టాండ్లు తెచ్చి కింద పెట్టించాడు. తరువాత డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. పెడలు తొక్కేవాడొకడు, కింద స్క్రూ తిప్పేవాడొకడు లేకపోతే ఆ పని జరగదు.

"తొక్కండి."

"తొక్కాను."

"ఉంచండి... ఆ, వదలండి."

స్క్రూకి తగిలించిన పారదర్శకమైన గొట్టంలో బుడగలు వరసగా వచ్చి సీసాలో పడ్డాయి. ఆయన కిటికీలోంచి వంగి చూశాడు.

"ఇంత గాలి ఉంటే ఏ బ్రేకు పడుతుంది? ఆ రోజు గుద్దిన బండిలోనూ ఇలాగే చేరి ఉంటుంది. పైకి కనపడదు కదా. నీకు మాత్రం ఎలా తెలుస్తుంది?"

రెండేళ్ల తరువాత ఆయన నోట వచ్చిన మెత్తటి మాట అది. తమ్ముడు దాన్ని మోయలేకపోయాడు.

"బావా, ఆ బండి బ్రేకులు బాగానే ఉన్నాయి."

"ఏమిటి?"

"నేను తొక్కలేదు. ముందు రోజు రాత్రంతా భట్టీ దగ్గర ఉన్నాను. కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి గోడ." అతని గొంతు బండి కిందినుంచి వస్తోంది. మొహం కనపడటం లేదు. "మీకు అబద్ధం చెప్పాను."

ఇంజను తిరుగుతూనే ఉంది. వరండాలో కూర్చున్న అక్క, "నాకు తెలుసండీ" అంది. "పక్క సీట్లో ఉన్నది నేనే కదా. రాత్రి పని చేసొచ్చాడని తెలిసీ నేనే రమ్మన్నాను."

ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. దిగి వెళ్లిపోతాడనే అనుకున్నారిద్దరూ. ఆయన పాదం మళ్లీ పెడలు మీద పెట్టి, "తొక్కమంటావా, వద్దా?" అన్నాడు.

"తొక్కండి."

నాలుగు చక్రాలూ పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. ఆయన చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. భోజనానికి రాలేదు.

సోమవారం పొద్దున కారు దగ్గరికి వచ్చి, బావమరిది కళ్లలోకి చూశాడు. "నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు?"

"తొమ్మిది, బావా. రెండు రోజులు సెలవు పెట్టాను."

ఆయన వెనక తలుపు తీసి భార్య పక్కన కూర్చున్నాడు.

పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు చూసి, ఇంకో ఆపరేషన్ వల్ల లాభం లేదన్నాడు. నొప్పి ఉంటుంది, దానితోనే బతకడం అలవాటు చేసుకోవాలి అన్నాడు. అక్క తల ఊపింది. ముగ్గురూ తిరుగు ప్రయాణమయ్యారు. బండి గుంటల మీదుగా తేలుతూ పోతోంది. సగం దూరం వచ్చేసరికి ఆవిడ తల భర్త భుజం మీదికి వాలింది. మాత్ర వేసుకోకుండా ఆవిడ పగలు నిద్రపోవడం ఈ రెండేళ్లలో ఆయన చూడలేదు.

ఇల్లు వచ్చింది. తమ్ముడు వేగం తగ్గించాడు.

"ఆపకు" అన్నాడు వాచీల ఆయన, గొంతు బాగా తగ్గించి. "ముందుకు పోనీ. ఇంకొంచెం దూరం పోనీ."