శనివారం ఉపవాసం

చాముండేశ్వరి ఇంటి పంచాంగం లీలారాణికి నోటికొచ్చు. సోమవారం శివుడిది, మంగళవారం ఆంజనేయుడిది, గురువారం బాబాది, శనివారం వెంకన్నది. మిగిలిన రోజుల్లో ఏకాదశి వచ్చిపడుతుంది, అదీ కాకపోతే సంకష్టహర చవితి. ఆదివారం ఏ దేవుడూ అడ్డురాడు గానీ, ఆవేళ “ఇప్పుడే తినొచ్చామే” అన్న మాట అడ్డొస్తుంది. చర్చిలో పాటలు పాడే లీలారాణి ఫోన్లో పంచాంగం పెట్టుకుని తిథులు చూసుకునేదంటే నవ్వొస్తుంది. ఏం చేస్తుంది మరి? మూడేళ్ళ స్నేహంలో ఒక్కసారైనా చాముండేశ్వరిని తన ఇంట్లో భోజనానికి కూర్చోబెట్టాలని ఆశ.

అనుమానం రాలేదా అంటే, రాలేదు. లీలారాణి కూడా ఉపవాస ప్రార్థనలు చేసే మనిషే. ఇంకొకరి ఉపవాసాన్ని శంకించడం పాపమనుకుంది.

పైగా చాముండేశ్వరి అంటే ప్రాణం. ఐర్లండ్ వచ్చి బోమాంట్ ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో, లువాస్ ట్రాములో పక్క సీటావిడ ఎవరితోనో ఫోన్లో గోంగూర దొరకడం లేదని మొత్తుకుంటుంటే, యాస పట్టి “మీది తెనాలా అక్కా?” అని లీలారాణే పలకరించింది. అప్పట్నుంచీ అక్కే. ఆ అక్కకి కూతురు హాసిని తర్వాత కొడుకు పుట్టినప్పుడు ఇండియా నుంచి ఎవరూ రాలేకపోయారు. లీలారాణి డ్యూటీ దిగి, ఊరి ఆ చివర్నుంచి ఈ చివర చెర్రీవుడ్‌లో అక్క ఇంటిదాకా పోయి, పసివాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్ళు పోసింది. సాంబ్రాణి వేస్తే ఫైర్ అలారం మోగి, ఆ అపార్ట్‌మెంట్ల వాళ్ళంతా వానలో కిందికి దిగొచ్చారు. ఆ కథ చెప్పుకుని ఇప్పటికీ ఇద్దరూ పడీ పడీ నవ్వుతారు.

ఇప్పుడు లీలారాణికి అవసరం పడింది. వచ్చే వారం గర్భసంచి ఆపరేషన్. ఏడాదిగా ఎదురుచూసిన తేదీ. నొప్పి మాత్రలు మింగుతూ వార్డులో నిలబడి పనిచేయడం ఇక తన వల్ల కాదు. భర్త జయకుమార్ దూరంగా లిమరిక్ ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరాడు, అప్పుడే సెలవు అడిగితే ఉద్యోగానికే ఎసరు. తొమ్మిదేళ్ళ జెమీమాని ఆ వారం ఎవరింట్లో ఉంచాలి? అక్క తప్ప ఇంకెవరున్నారు? ఇలాంటిది ఫోన్లో అడగబుద్ధి కాలేదు. ఎదురుగా నిలబడి అడగాలనుకుంది.

అదృష్టమో ఏమో, వార్డులో తనతో పనిచేసే కొరియా అమ్మాయి యున్‌హీ పిలుపు తెచ్చింది. ఇక్కడి కొరియా వాళ్ళంతా కలిసి, విక్లో వెళ్ళే దారిలో ఒక తోటలో తమ పాతకాలపు పల్లెని కట్టారట. శనివారం అందరినీ రమ్మన్నారట. చాముండేశ్వరి కొరియా సీరియళ్ళు చూసి కళ్ళకి అద్దాలు తెచ్చుకున్న మనిషి. వినగానే గంతేసింది.

శనివారం తెల్లారకముందే లీలారాణి పులిహోర కలిపింది. దానికోసం కొత్త డబ్బా కొంది. నీచు తగలని డబ్బా అని చూపించడానికి, అడుగున కంపెనీ స్టిక్కరు కూడా పీకలేదు. పిచ్చిది.

“శనివారం కదే లీలా! నాకివ్వాళ మంచినీళ్ళే,” అంది చాముండేశ్వరి, లీలారాణి వాళ్ళ కారెక్కగానే.

“తెలుసక్కా. మరి గిరీష్ గారూ, హాసినీ తింటారని…”

“పొద్దున్నే ఇడ్లీలు బాగా దట్టించానండీ,” అన్నాడు చాముండేశ్వరి భర్త గిరీష్, కారు నడుపుతూ. “హాసినికి పులుపు పడదు.”

లీలారాణి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాబు పక్క సీట్లో నిద్రపోతున్నాడు. ఏడు సీట్ల ఆ కారులో, చివరి వరసలో ఆడపిల్లలిద్దరూ ఐరిష్ యాసలో గలగలా మాట్లాడుకుంటున్నారు.

పల్లె చిన్నదే అయినా ముచ్చటగా ఉంది. గడ్డి కప్పిన ఇల్లొకటి, పెంకుటిల్లొకటి, కాగితం అంటించిన తలుపులు. గుమ్మం ముందు రాయి మీద చెప్పులు విడిచి లోపలికెళ్ళాలి. పెరట్లో వరసగా పెద్ద పెద్ద జాడీలు. మూత తీస్తే గుప్పున మిరపకారం వాసన.

“అచ్చం మన ఆవకాయ జాడీలేనే!” అని మురిసిపోయింది చాముండేశ్వరి. అప్పటికే వాళ్ళ పట్టు గౌను అద్దెకి తీసుకుని వేసేసుకుంది. లీలారాణి మెడ చుట్టూ చెయ్యేసి ఫొటోలు దిగింది. ఐర్లండ్‌లో ఏడాదికోసారి కాసే ఎండ ఆవేళ కాసింది. ఇంతకంటే మంచి సమయం రాదనుకుంది లీలారాణి.

“అక్కా, ఒక మాట.” ఆపరేషన్ సంగతి చెప్పింది. జెమీమా సంగతి చెప్పింది.

“ఓసి పిచ్చిదానా, ఇది అడగాలా?” చాముండేశ్వరి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “జెమీమా మా పిల్ల కాదూ? హాసినితోపాటే ఉంటుంది. నువ్వు నిశ్చింతగా చేయించుకో.”

లీలారాణికి కన్నీళ్ళాగలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట చాముండేశ్వరి మనస్ఫూర్తిగానే అంది. ఈ కథలో చేదంతా అక్కడే ఉంది.

మధ్యాహ్నం గంట కొట్టారు. పెంకుటింటి అరుగు మీద, మన గంగాళమంత ఇత్తడి పళ్ళెంలో వేడి అన్నం పోసి, రకరకాల ఆకుకూరలూ కాయగూరలూ వేసి, జాడీలోని కారం గుమ్మరించి ఒక ముసలావిడ కలిపింది. మాంసం లేదని యున్‌హీ ముందే చెప్పింది. వాళ్ళ పల్లెల్లో పొలం పనులప్పుడు ఇలాగే తింటారట. విడి పళ్ళేలుండవు. ఎవరి చెంచాతో వాళ్ళు అదే పళ్ళెంలోంచి తినాలి.

ముసలావిడ నవ్వుతూ చెంచాలు పంచింది. చాముండేశ్వరి తీసుకుంది. ఒకవైపు ఎర్రజుట్టు ఐరిష్ కుర్రాడు, ఇంకోవైపు ఎవరో ముక్కూమొహం తెలియని పోలండ్ ఆవిడ. వాళ్ళు చెంచాలు నాకి మళ్ళీ పళ్ళెంలో పెడుతున్నారు. చాముండేశ్వరీ పెట్టింది. బాబుని చంకనేసుకునే గిరీష్ పెట్టాడు. పులుపు పడని హాసిని కారం పడుతుందో లేదో చూసుకోకుండానే పెట్టేసింది.

“అదేంటక్కా, ఉపవాసమన్నారు?” లీలారాణి నోట్లోంచి ఆ మాట అప్రయత్నంగా వచ్చేసింది.

చాముండేశ్వరి కాస్త తడబడి, వెంటనే సర్దుకుంది. “పెద్దావిడే… ఇంత ప్రేమగా పిలిచి పెడుతుంటే కాదంటే ఏం బావుంటుంది చెప్పు?”

మూడేళ్ళుగా తను పిలిచింది ప్రేమగా కాదన్నమాట. లీలారాణికి కోపం కన్నా ముందు సిగ్గేసింది. చూసుకున్న తిథులన్నీ, కొత్త డబ్బా, దాని అడుగున స్టిక్కరు, అన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. అయినా సరిపెట్టుకోబోయింది. పోనీలే, నా చేతి వంట పడకపోతే పడలేదు, పిల్లనైతే చూసుకుంటానంది కదా.

అప్పుడే జెమీమా చెంచా పట్టుకుని వచ్చి, పళ్ళెం దగ్గరికి పోకుండా అమ్మ కొంగు పక్కన ఆగింది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే.

“మమ్మీ, నేనూ ఇందులో తినొచ్చా? లేకపోతే నా ప్లేట్ కావాలా?” అని అడిగింది.

“ఏ ప్లేటే?”

“ఆంటీ వాళ్ళింట్లో నా ప్లేట్. ఊదారంగుది. సింక్ కింద ప్రెస్‌లో ఉంటుంది.” ఇక్కడి పిల్లలు అలమారని ప్రెస్ అంటారు. “సబ్బులు పెట్టే చోట. గ్లాసు కూడా ఉంది. ఇంకెవరూ ముట్టుకోకూడదు, హాసిని కూడా. నేనే కడుక్కుంటాను. ఓన్లీ ఫర్ మీ!”

గొప్పగా చెప్పింది. ఆ ఇంట్లో తనకంటూ ఒకటి ఉందని పొంగిపోతూ చెప్పింది.

లీలారాణి కూతురి భుజం పట్టుకుని పళ్ళెం దగ్గరికి తీసుకెళ్ళి, “తినమ్మా, కడుపునిండా తిను,” అంది. యున్‌హీ జరిగి చోటిచ్చింది. యున్‌హీ నలుగురితో కలిసి అద్దె గదిలో ఉంటుంది. పిల్లనెక్కడ పెట్టుకుంటుంది, పాపం. ఆలోచించాల్సిందంతా లీలారాణి ఆ నిలబడ్డ చోటే ఆలోచించేసింది. తేదీ వదులుకుంటే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదు. నొప్పి ఉండనే ఉంటుంది. ఉంటే ఉండనీ.

“అక్కా,” అంది. “జెమీమా ఆ వారం మీ ఇంటికి రాదు.”

“అదేంటే? ఇప్పుడేగా అనుకున్నాం! ఏమైంది?”

“ఆ వారమంతా మాకు ఉపవాసం.”

చాముండేశ్వరి ఒకసారి జెమీమా వైపు చూసింది. అర్థమైంది. అన్నంలో గుచ్చిన చెంచా అలాగే వదిలేసింది.

తిరిగొచ్చేటప్పుడూ అదే కారు. రైలు స్టేషన్ దగ్గర దింపేయమంటే, గిరీష్ వినకుండా ఇంటిదాకా తీసుకొచ్చాడు. పులిహోర డబ్బా లీలారాణి ఒళ్ళోనే ఉంది. దిగేటప్పుడు చాముండేశ్వరి, “డబ్బా ఇవ్వవే, రాత్రికి తింటాం,” అంది, కళ్ళలోకి చూడకుండా. లీలారాణి వినిపించుకోలేదు.

తాళం తీస్తూ జెమీమాకి చెప్పింది, ఇక ఆంటీ వాళ్ళింటికి వెళ్ళేది లేదని. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆ పిల్ల గుమ్మంలోనే చతికిలబడి ఏడుపు అందుకుంది. హాసిని కోసమేమో అనుకుంది లీలారాణి.

“మరి నా ప్లేటో?” అంటోంది వెక్కుతూ. “వాళ్ళు దాన్ని ఇంకెవరికైనా ఇచ్చేస్తే?”