ఇనుప ముక్కు బూట్లు

కూలీల కాళ్లకు బూట్లు వచ్చాయంటే అదంతా పార్టీ కక్షల పుణ్యమే. నమ్మకపోతే మానండి, జరిగింది మాత్రం ఇదే.

ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు పోయే దారికి కాస్త లోపలగా ఉన్న నాపరాళ్ల క్వారీ తిరుమలనాథరెడ్డిది. ఆయనది ఒక పార్టీ, ఆయనంటే గిట్టనివాళ్లంతా ఇంకో పార్టీ. ఎలక్షన్లు దగ్గరపడేసరికి ఎదుటి పార్టీవాళ్లు ఈసారి బాంబులు పక్కనపెట్టి కాగితం పట్టారు. క్వారీలో కూలీలకు బూట్లు లేవు, చట్టం ప్రకారం లీజు రద్దు చేయండి అని గనుల ఆఫీసులో అర్జీ పడేశారు. కూలీల కాళ్ల మీద వాళ్లకేమీ ప్రేమ పొంగిపొర్లలేదు. ప్రేమంతా లీజు మీదే. ఏదైతేనేం, లీజు కాపాడుకోవడానికి రెడ్డి తెప్పించిన బూట్లు ప్రొద్దుటూరు నుంచి లారీలో దిగాయి. నల్లటి తోలువి, వేళ్ల దగ్గర లోపల ఇనుప రేకు పెట్టి కుట్టినవి. కూలీలు వాటికి ఇనుప ముక్కు బూట్లని పేరు పెట్టుకున్నారు.

శుభాకర్ ఆ క్వారీకి మేట్. అదే పల్లెలో క్రైస్తవుల వీధిలో పుట్టి, పది చదివి, మేట్ పరీక్ష పాసయ్యాడు. పనిలో ఎవరికీ దెబ్బ తగలకుండా చూడటం అతని ఉద్యోగం. చూడటానికి ఏముంది, పాదాలకు గోనెపట్టా చుట్టుకుని గుంతలో దిగే మనుషులు తప్ప! పోయిన ఏడాది మేనమామ కృపావరం పాదం మీద బండ పడితే ఆసుపత్రిలో చీలమండ దాకా తీసేశారు. ఇప్పుడు అదే చోట శుభాకర్ నాయన పాలయ్య గడ్డపార వేస్తున్నాడు. బూట్లు చూడగానే శుభాకర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. నాయన కాళ్లు దక్కితే చాలు, అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

పాలయ్యకు మాత్రం బూట్లు బొత్తిగా నచ్చలేదు.

"నాకొద్దురా నాయనా. కాళ్లకు రెండు గాడిద పిల్లల్ని కట్టుకోని నడిచినట్టుండాది."

"కృపావరం మామను సూసి గూడా ఒద్దంటావేంది? అవి ఏసుకోకుంటే నిన్ను గుంతలోకి దిగనియ్యను. మేట్‌గా చెప్తాండా."

"అబ్బో, మేట్ సారు!" అని తల్లి రత్నమణి నవ్వి, మొగుడి వైపు తిరిగింది. "ఏసుకోరాదా, పిల్లోడు అంతగా చెప్తాండాడు."

శుభాకర్ పంతం పట్టాడు. రోజూ పొద్దున్నే తనూ బూట్లు తొడుక్కుని గుంత అంచున నిలబడి ఒక్కొక్కరి పాదాలూ చూసి లోపలికి పంపేవాడు. లేసు ముడి వేయడం రానివాళ్లకు తనే గొంతుక్కూర్చుని వేసేవాడు. బూట్లు విప్పి పక్కనపెట్టి హాయిగా బీడీ కాలుస్తున్న కూలీ మున్వర్‌ను ఆ పూటకు ఇంటికి పంపేశాడు. ఇరవయ్యేళ్ల పిల్లకాయ పెత్తనమని ముసలివాళ్లు చాటున తిట్టుకున్నారు. తిట్టుకోనీ అనుకున్నాడు.

ఒకరోజు పెద్ద గడ్డపార జారి పాలయ్య బూటు ముక్కు మీద ఠంగున పడింది. ఆయన కొయ్యబారిపోయాడు. కాసేపటికి లోపల వేళ్లు మెల్లగా ఆడించి చూసుకుని, "ఉండాయిరా! అన్నీ ఉండాయి!" అని గుంతంతా అదిరేలా అరిచాడు. ఆ సాయంత్రం బూట్లకు ఆముదం రాసి తుడిచాడు. ఆదివారం చర్చి గుమ్మం దాకా వాటితోనే టకటకా నడిచి వెళ్లాడు. ఇక నాయన గురించి భయం లేదని శుభాకర్ గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాడు.

అర్జీ మీద విచారణకు ఆఫీసరు వచ్చే రోజు వచ్చింది. రెడ్డే స్వయంగా వెంటబెట్టుకొస్తాడని కబురు.

"సారు సూసేది మన కాళ్లే," అని శుభాకర్ అందరికీ గట్టిగా చెప్పాడు. "ఎవరు గూడా బూట్లు ఇప్పొద్దు."

"ఎందుకిప్పుతాంరా? అవి లేకుంటే నాకు నడకే రాదిప్పుడు," అన్నాడు పాలయ్య.

అప్పటికి గుంతలో ఒక పెద్ద బండ ఒక పక్క లేచి ఉంది. దాని కింద గడ్డపార దూర్చి, పాలయ్య తన బరువంతా ఆనించి పట్టుకున్నాడు. బండ కిందికి దిగకుండా అడ్డం రాయి పెట్టడానికి మున్వర్ వంగాడు. సరిగ్గా అప్పుడే జీపు హారన్ మోగింది. ముందు జీపులో రెడ్డీ ఆఫీసరూ, వెనక జీపు నిండా మనుషులు. వాళ్ల తువ్వాళ్ల కింద ఏమున్నాయని అడిగే ధైర్యం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. మున్వర్ గబగబా రాయి తోసేసి లేచాడు. పాలయ్య గడ్డపారను అలాగే వదిలి పక్కకొచ్చాడు. రెడ్డి గుంత అంచుకు వచ్చేసరికి మనుషులంతా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏం పాలయ్యా, బూట్లు బాగుండాయా?" అన్నాడు రెడ్డి పెద్ద మనసుతో.

"శానా బాగుండాయి సామీ," అంటూ పాలయ్య ఒంగి దండం పెట్టి, మళ్లీ తన గడ్డపార దగ్గరికి రెండడుగులు వేశాడు.

అడ్డం రాయి జారింది. గడ్డపార ఎగిరి అవతల పడింది. బండ పడిన చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు. పాలయ్య కేక మాత్రం రోడ్డు దాకా వినిపించింది.

శుభాకర్ ఎలా దూకాడో, బండ ఎవరెవరు లేపారో! లేపాక చూస్తే నాయన పాదం పాదంలా లేదు. బూటు లేదు. వట్టి కాలు! మొదట అతనికి అర్థం కాలేదు. బూటు ఏది, బూటు యాడికి పోయింది అని రాళ్లలో చేతులతో వెతికాడు.

"ఇతనికి బూట్లు ఇవ్వలేదా?" అన్నాడు ఆఫీసరు.

"ఇచ్చినాం సార్. అదో ఆడ సూడండి," అని రెడ్డి వేలు చూపించాడు.

గుంతలోనే ఒక పక్కన బూట్లన్నీ ఉన్నాయి. జతలు జతలుగా, గోడ వారగా, పెళ్లింటి ముందు విడిచినట్టు పొందిగ్గా ఉన్నాయి. చేతులు కట్టుకున్న మనుషులందరివీ వట్టి కాళ్లే.

"ఎవరు విప్పమన్నారు వీళ్లని?"

ఆఫీసరు రెడ్డి వైపు తిరిగాడు.

"నేనేమీ అన్లేదు సార్. వీళ్లు ఇప్పేటప్పటికి నేనింకా జీపే దిగలేదు గదా," అన్నాడు రెడ్డి. అతను కూడా బిత్తరపోయి ఉన్నాడు. పాపం, నిజమే చెప్పాడు! రెడ్డి ఎదుట కాళ్లకు ఏమైనా తొడుక్కుని నిలబడిన మనిషి ఆ పల్లెలో ఏనాడూ లేడు. తాతలు దెబ్బలు తిని నేర్చుకున్నారు, తండ్రులు తాతల్ని చూసి నేర్చుకున్నారు. ఇప్పుడు చెప్పే పని కూడా ఎవరికీ లేకుండా పోయింది.

"ఏంటికి ఇప్పితివి నాయనా!" శుభాకర్ తండ్రి తలను ఒళ్లో పెట్టుకుని గొంతు చించుకుని అరిచాడు. "అంతగా చెప్తి గదా! ఏంటికి ఇప్పితివి!"

"రెడ్డొచ్చె గదరా..." అన్నాడు పాలయ్య.

"మేట్ ఎవరిక్కడ?" అని అడిగాడు ఆఫీసరు.

శుభాకర్ లేచి నిలబడ్డాడు. ఆ పూట ఊరుకోదలచుకోలేదు. రెడ్డి మొహాన్నే అడగాల్సినవి అడిగేయాలని నోరు తెరిచాడు. ఆఫీసరు మాత్రం అతని మొహం చూడటం లేదు, కిందికి చూస్తున్నాడు. మున్వర్ కూడా అటే చూస్తున్నాడు.

పాలయ్య పళ్లు బిగించి కొడుకు చీలమండ పట్టుకున్నాడు.

"నువ్వన్నా ఏసుకో నాయనా. ఈడంతా రాతి పెచ్చులు, గుచ్చుకుంటాయి."

శుభాకర్ తల వంచి చూసుకున్నాడు. మడమలో రాతి పెచ్చు దిగి నెత్తురు కారుతోంది. బూట్లు ఎప్పుడు విప్పాడో అతనికి ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.