బయటి గడియ

తుఫాను షెల్టరు చూడ్డానికి ఆఫీసర్లు వస్తున్నారంటే, విడవలూరుకు తూర్పున ఉన్న ఆ సముద్రపు పల్లెలో మొదట రాజుకునేది విజయకుమారి పొయ్యి. పునాది తవ్విన రోజు ఆమే టీ పెట్టింది, స్లాబు వేసిన రోజూ ఆమే పెట్టింది. ఆ కట్టడంలో సిమెంటు ఎంత కలిసిందో దేవుడికెరుక గానీ, ఆమె టీ కలవకుండా ఒక్క ఇటుకా పైకి లేవలేదని పందెం కాసి చెప్పొచ్చు.

"ఈ దినం టీతో బాటు సంతకం గూడా పెట్టాల," అన్నాడు మొగుడు మస్తాన్, అద్దం ముందు గుండీలు పెట్టుకుంటూ. "సారు చూపించిన చోట పెట్టి వచ్చెయ్. నోరు తెరవబాక."

విజయకుమారి షెల్టరు కమిటీలో సభ్యురాలు. ఆ సంగతి ఊరందరికీ తెలిశాక ఆమెకు తెలిసింది. సర్కారు డబ్బుతో కట్టే షెల్టరుకు ఊరి కమిటీ ఉండాలి, కమిటీలో ఆడమనిషి ఉండాలి, ఆడవాళ్ళ మరుగుదొడ్డి మేడమీదే, కట్టడం లోపలే ఉండాలి, దాన్ని ఆ ఆడమనిషి కళ్ళారా చూసి సంతకం పెట్టాలి. అప్పుడుగానీ పని ముగిసినట్టు కాదు. ఇవీ రూళ్ళు. "ఒక ఆడది కావాలంటరా. నీ పెండ్లాం పేరు రాయించినా," అని కమిటీ పెద్ద అయిన మామ చిన్నపోలయ్య కొడుకుతో చెప్పినప్పుడు, ఆమె అక్కడే వంగి వాళ్ళ ఎంగిలి గ్లాసులు తీస్తోంది.

పాలు పొయ్యి మీద పెడితే ఆమె కళ్ళు తిప్పదు. విజయక్క చూపుకు భయపడి పాలు కూడా పొంగవని ఇరుగుపొరుగు నవ్వుతారు. దయ్యాలు తుమ్మచెట్టు మీద ఉంటాయనీ, ఉప్పుకాలవ గట్టున దీపం పట్టుకుని తిరుగుతాయనీ, చుట్ట అడుగుతాయనీ పెద్దలు కోటి కథలు చెప్పారు. పాలగిన్నెలో ఉంటాయని మాత్రం ఒక్కరూ చెప్పి పోలేదు. పాలు అంచుకు లేచేటప్పుడు, సరిగ్గా అప్పుడే, ఆమె వీపు వెనక తడి పాదాల చప్పుడవుతుంది. చెవి పక్కన చల్లటి ఊపిరి తగులుతుంది.

"అక్కా, తోడు రావా?"

అది ముసలమ్మ గొంతు. మరిది పెళ్ళాం, తోడికోడలు. గ్రామదేవత పేరు పెట్టారు గానీ, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్ల పేరు విని నవ్వాపుకోలేకపోయారు. "నిజంగా ముసిల్దాన్ని అయినాక నవ్వేదానికి మీరుండరులే," అనేది ఆ పిల్ల.

మరుగుకు పోవాలంటే ఆ పల్లెలో ఆడది ఒంటరిగా పోదు. పక్కింటి తడిక తట్టి తోడు రమ్మంటుంది. చేతికి పిండి అంటుకుని ఉన్నా రెండో ఆమె లేస్తుంది. ఏ పుస్తకంలోనూ రాయని రూలు అది. తప్పినవాళ్ళు లేరు, ఆ ఒక్కసారి తప్ప.

ఈ షెల్టరు లేని రోజుల్లో వచ్చిన ఆ తుఫానుకు గాలి ఎట్టా వీచిందంటే, ముత్తుకూరులో ఆరేసిన లుంగీ ఎగిరొచ్చి తన నడుముకే చుట్టుకుందనీ, ముడి కూడా గాలే వేసిందనీ చిన్నపోలయ్య ఇప్పటికీ చెబుతాడు. మిగతాది చెప్పడు. ఊరంతా బడిలో తలదాచుకుంది. బడి మరుగుదొడ్డికి బయట తాళం, లోపల బియ్యం మూటలు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ముసలమ్మ వచ్చి చెవిలో తోడు అడిగింది. విజయకుమారి లేవబోయింది.

"ఆఫీసర్లు నానిపోయి వచ్చినారు. టీ కాచకుండా యాడికి?" అన్నాడు మామ.

"ఉండుమే, పాలు పొంగతాండాయి. వస్తా," అంది ఆమె.

ఆఫీసర్లు టీ తాగారు. ఇంకోసారి కూడా తాగారు. వాన తెరిపిచ్చాక, ఒంటరిగా పోయిన ముసలమ్మ ఉప్పుకాలవ అవతల తుమ్మకంపకు చిక్కుకుని కనిపించింది. "కొంచేపు బిగబట్టుకోలేక పోయిందా," అన్నాడు మస్తాన్, పాడె కడుతూ. అక్కడున్న ఆడవాళ్ళంతా తలలు దించుకున్నారు. వాళ్ళు అప్పటికి పొద్దుటి నుంచీ బిగబట్టుకునే ఉన్నారు.

ఇప్పుడు స్తంభాల మీద కొత్త మేడ లేచింది. విజయకుమారి దాని కిందే పొయ్యి పెట్టి మొదటి విడత టీ పైకి మోసింది. రెండో విడత పాలు సన్నమంట మీద పెట్టగానే పైనుంచి కేక వచ్చింది. ఆ గిన్నెను వదిలి మెట్లెక్కడానికి ఆమెకు కాళ్ళు రాలేదు. రెండో కేకకు వెళ్ళింది.

ఇంజనీరు జడ్సన్ నెల్లూరు మనిషి, మర్యాదస్తుడు. "మీరు లోపల చూసి సంతకం పెట్టండమ్మా. రూలు," అన్నాడు, కలం అందిస్తూ.

"చూసేదేముంది సార్, పెట్టేస్తది," అన్నాడు మస్తాన్.

ఆమె మరుగుదొడ్డిలోకి వెళ్ళింది. తెల్లటి పలకలు, కొళాయి, బల్బు. తలుపు మూసి, అలవాటుగా గడియ కోసం తడిమింది. చెయ్యి నున్నటి తలుపు మీద పైకీ కిందికీ పోయింది. ఏమీ తగల్లేదు. చెయ్యి తీయగానే సముద్రపు గాలికి తలుపు తనంతట తనే తెరుచుకుంది. బయటి పక్క మాత్రం కొత్త ఇనప గడియ, దానికి తాళం. తాళంచెవి మస్తాన్ మొలతాడుకు వేలాడుతోంది.

"గడియ బయట ఉండాది సార్," అంది.

"ఉండాదా లేదా? ఉండాది గదా," అన్నాడు మస్తాన్. "తుఫాను రోజూ వస్తదా? తక్కిన దినాలు వలలు పెట్టి తాళమేసుకుంటాం. రూలులో గడియ ఉండాలని ఉండాదే గాని, ఏ పక్కని రాసి లేదు."

జడ్సన్ కాగితం తిప్పి తిప్పి చూసుకున్నాడు. చిన్నపోలయ్య బోసినోటితో నవ్వాడు. "ఆడోళ్ళకు గడియ ఎందుకు సార్? తోడు తీసకపోతారు గదా. తోడే గడియ."

అందరూ నవ్వారు. ఆ నవ్వు మధ్య ఆమెకు తడి పాదాల చప్పుడు వినిపించింది. ఎప్పుడూ వీపు వెనక నుంచి వచ్చేది, ఈసారి ఆ తెరిచిన తలుపు లోపలి నుంచి వచ్చింది. ఇన్నాళ్ళూ తనను తనే తిట్టుకుంటూ వచ్చింది, పాలు పొంగతాండాయి అన్న ఒక్క మాటకు. ఆ పాలు ఎవరి కోసమో, బడిలో ఆ తాళం ఎవరు వేశారో ఒక్కనాడూ అడగలేదు. అడగాల్సిన వాళ్ళు ఎదురుగానే నవ్వుతున్నారు.

కలం మూత పెట్టి జడ్సన్ చేతిలో పెట్టింది.

"గడియ లోపలికి రానీండి సార్. అప్పుడు పెడతా."

"మేయ్," అన్నాడు మస్తాన్, నవ్వు ఆపి. కింద నుంచి మాడు వాసన వచ్చింది. "పాలు పొంగతాండాయి, పో."

"పొంగనీ."

ఆమె తలుపు దగ్గరగా లాగి, దానికి వీపు ఆనించి వాళ్ళకెదురుగా నిలబడింది. తర్వాత తల కొంచెం పక్కకు తిప్పి, లోపలికి వినపడేటంత మెల్లగా అంది:

"పోయి రామే ముసలమ్మా. నేనుండా."